ఎఫ్ఎఫ్ఎంపెగ్ డీకోడ్ చేసిన ఫ్రేమ్‌లు ఎస్‌డీఎల్2 విండోలో సరిగ్గా ఆడాలంటే

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. 854×480 కొలతలున్న ఎంపీ4 ఫైలు, సెకనుకు 25 ఫ్రేమ్‌లు, నిడివి అరగంట. దాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో (వీడియో ఫైళ్లని విప్పి ఫ్రేమ్‌లు ఇచ్చే లైబ్రరీ) డీకోడ్ చేసి, ఎస్‌డీఎల్2 (విండో తెరిచి బొమ్మలు గీసే లైబ్రరీ) విండోలో చూపిస్తున్నారు. మొదట బొమ్మ ఏటవాలుగా సాగిపోయి వచ్చింది. ఎవరో చెబితే ప్రతి ఫ్రేమ్‌నూ ఆర్‌జీబీలోకి మార్చారు. బొమ్మ బాగుపడింది గానీ సీపీయూ వాడకం పెరిగిపోయింది. పైగా అరగంట వీడియో పన్నెండున్నర నిమిషాల్లో అయిపోతోంది. 40 మిల్లీసెకన్ల డిలే పెడితే ఈసారి నత్తనడక. మధ్యమధ్యలో విండో తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోంది.

ఇవి నాలుగు వేర్వేరు బగ్గులు. ఒకదాని మందు ఇంకోదానికి వేయడం వల్ల కలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి. డీకోడర్ ఇచ్చే ఏవీఫ్రేమ్‌లో పిక్సెళ్లతో పాటు మూడు సంగతులు ఉంటాయి: అవి ఏ ఫార్మాట్‌లో ఉన్నాయి, మెమరీలో ఒక వరుసకీ తర్వాతి వరుసకీ ఎంత దూరం, ఆ ఫ్రేమ్‌ను ఏ క్షణంలో చూపాలి. మీ కోడ్ పిక్సెళ్లను తీసుకుని మిగతా మూడింటినీ వదిలేస్తోంది. మీ తిప్పలు చాలావరకు అక్కడివే.

ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో, ముందుండే ‘ఎస్‌డీఎల్ అండర్‌స్కోర్’ తీసేసి రాస్తున్నాను. డాక్యుమెంటేషన్‌లో సులువుగానే దొరుకుతాయి.

ముందు ఏటవాలు బొమ్మ సంగతి. వెడల్పు 854 కదా అని ఒక్కో వరుస 854 బైట్లే అనుకున్నారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అలా దాచదు. ప్రాసెసర్ ఒకేసారి 32 లేదా 64 బైట్లు చదివే ఇన్‌స్ట్రక్షన్లు వాడుకోవడానికి వీలుగా ప్రతి వరుస చివరా కొంత ఖాళీ వదులుతుంది. అందుకే మీ ఫైలుకి లైన్‌సైజ్, అంటే ఒక వరుస మొదలు నుంచి తర్వాతి వరుస మొదలుకి ఉన్న బైట్ల దూరం, 864 ఉండొచ్చు, 896 కూడా ఉండొచ్చు. వెర్షన్‌ని బట్టి, సీపీయూని బట్టి మారుతుంది. 864 అనుకుందాం. మొదటి వరుస సరిగ్గానే చదువుతారు. రెండో వరుస మొదట్లో పది చెత్త బైట్లు వస్తాయి, మూడో వరుసలో ఇరవై. అలా ప్రతి వరుసా పదేసి పిక్సెళ్లు కుడికి జరుగుతూ పోతుంది. మీకు కనిపించిన ఏటవాలు గీతలు అవే. 640, 1280, 1920 వంటి వెడల్పులు 64తో నిశ్శేషంగా భాగించబడతాయి కాబట్టి వాటితో చాలాసార్లు ఈ బగ్ బయటపడదు. చాలామంది 1280×720 శాంపిల్ ఫైలుతో టెస్ట్ చేసి అంతా బాగుందనుకుని వదిలేస్తారు, ఆ తర్వాత 854 వెడల్పు ఫైలు వచ్చినప్పుడు తల పట్టుకుంటారు. మీకు మొదట్లోనే దొరకడం ఒక రకంగా మంచిదే.

ఇక్కడ ఆర్‌జీబీ మార్పు ఎందుకు పని చేసినట్టు కనిపించిందంటే, ఆ మార్పు చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫంక్షన్ ఎస్‌డబ్ల్యూఎస్ స్కేల్‌కి మీరు లైన్‌సైజ్ ఇచ్చారు. దాని పారామీటర్లలోనే అది తప్పనిసరి. అంటే మీ బొమ్మను బాగుచేసింది ఆర్‌జీబీ కాదు, లైన్‌సైజ్. ఆ మార్పు తీసేయండి.

తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. డీకోడర్ సాధారణంగా ఇచ్చే వైయూవీ 4:2:0 ఫార్మాట్‌లో ఒక పిక్సెల్‌కి సగటున ఒకటిన్నర బైట్లు. ఇందులో వెలుతురు, రంగు విలువలు వేర్వేరు ప్లేన్‌లలో (పట్టికల్లో) ఉంటాయి. వెలుతురు, అంటే వై ప్లేన్, పూర్తి కొలతలో ఉంటుంది. రంగు తేడాలైన యూ, వీ ప్లేన్‌లు అడ్డంలో సగం, నిలువులో సగం. మన కన్ను వెలుతురు తేడాలను పట్టినంత సన్నగా రంగు తేడాలను పట్టదు కాబట్టి ఈ పొదుపు చెల్లుతుంది. 1920×1080 ఫ్రేమ్ ఈ లెక్కన 31,10,400 బైట్లు. అదే నాలుగు బైట్ల ఆర్‌జీబీఏ అయితే 82,94,400. సెకనుకు 25 ఫ్రేమ్‌లంటే ఒకచోట సుమారు 78 మెగాబైట్లు, ఇంకోచోట 207. పైగా ఆ మార్పు లెక్కంతా సీపీయూ మీద పడుతుంది. గ్రాఫిక్స్ చిప్ అదే పనిని బొమ్మ గీస్తూ గీస్తూ షేడర్‌లో (ఆ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) చేసేస్తుంది, దానికది లెక్కలోకి రాదు.

కాబట్టి చేయాల్సింది ఇది. టెక్స్చర్ అంటే గ్రాఫిక్స్ చిప్ గీసే బొమ్మ. దాన్ని సృష్టించే క్రియేట్ టెక్స్చర్‌ని ఐవైయూవీ (4:2:0లో వై, యూ, వీ వరుసలో ఉండే) పిక్సెల్ ఫార్మాట్‌తో, స్ట్రీమింగ్ యాక్సెస్‌తో, వీడియో అసలు కొలతలతో ఒక్కసారే పిలవండి. లూప్ లోపల కాదు. ప్రతి ఫ్రేమ్‌కీ కొత్త టెక్స్చర్ చేసి పాతది వదిలేసే కోడ్ ఇంటర్నెట్‌లో బోలెడు ఉంది. పది నిమిషాల్లో మెమరీ నిండిపోతుంది. తర్వాత ప్రతి ఫ్రేమ్‌కీ అప్‌డేట్ వైయూవీ టెక్స్చర్‌ని పిలిచి మూడు ప్లేన్‌ల పాయింటర్లు, మూడింటి లైన్‌సైజులు విడివిడిగా ఇవ్వండి: డేటా సున్నాతో లైన్‌సైజ్ సున్నా, డేటా ఒకటితో లైన్‌సైజ్ ఒకటి, డేటా రెండుతో లైన్‌సైజ్ రెండు. ఈ ఫంక్షన్ ఎస్‌డీఎల్ 2.0.1 నుంచి ఉంది. మధ్యలో మీ సొంత బఫర్‌లోకి కాపీ చేయాల్సిన పనే లేదు. ఆపైన రెండర్ క్లియర్, రెండర్ కాపీ, రెండర్ ప్రెజెంట్. క్లియర్ ఎందుకు, మొత్తం విండోని వీడియో కప్పేస్తుంది కదా అని దాన్ని ఎగ్గొట్టకండి. ప్రెజెంట్ అయ్యాక వెనక బఫర్‌లో ఏముంటుందో ఎస్‌డీఎల్ హామీ ఇవ్వదు. విండో ఆకారం మారి పక్కన నల్ల పట్టీలు రావాల్సిన చోట పాత ఫ్రేమ్ ముక్కలు కనిపిస్తాయి.

రంగుల్లో తేడా వస్తే బొమ్మని చూసే కారణం చెప్పొచ్చు. విండో అంతా ముదురు పచ్చగా ఉంటే టెక్స్చర్‌లోకి ఏమీ చేరలేదని అర్థం. వైయూవీలో అన్నీ సున్నాలంటే నలుపు కాదు. యూ, వీ విలువలకు తటస్థ స్థానం 128. అవి సున్నా అయితే ఎరుపు, నీలం లెక్కలు సున్నా కిందికి పడిపోయి, ఆకుపచ్చ ఒక్కటే 135 దగ్గర మిగులుతుంది. మొదటి ఫ్రేమ్ రాకముందే టెక్స్చర్‌ని గీసినా ఇదే పచ్చ ఒక్క క్షణం మెరుస్తుంది. మనుషుల ముఖాలు నీలంగా ఉంటే యూ, వీ తారుమారయ్యాయి. వైవీ12 అనే ఫార్మాట్‌లో వీ ముందు, యూ తర్వాత. ఐవైయూవీలో యూ ముందు. మూడు ప్లేన్‌లనూ విడిగా ఇచ్చే ఫంక్షన్ వాడితే ఈ గొడవ ఉండదు. మామూలు అప్‌డేట్ టెక్స్చర్‌కి ఒకే బఫర్‌గా అతికించి ఇచ్చేవాళ్లకే వస్తుంది. బొమ్మ ఆకారం సరిగ్గా ఉండి రంగులు కొంచెం మారినట్టుంటే అది 601, 709 తేడా. పాత ఎస్‌డీ వీడియోలకి బీటీ 601 సూత్రం, హెచ్‌డీకి బీటీ 709. ఎస్‌డీఎల్2 ఏమీ చెప్పకపోతే 601 అనుకుంటుంది. మీ 480 ఫైలుకి అది సరిపోవచ్చు, రేపు 1080 ఫైలు పెడితే పచ్చలు, ఎరుపులు కాస్త మారతాయి. సెట్ వైయూవీ కన్వర్షన్ మోడ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి. ఎస్‌డీ కొలతలకి ఒకటి, హెచ్‌డీకి ఇంకోటి అదే ఎంచుకుంటుంది. అది 2.0.8లో వచ్చింది.

ఇంకో జాగ్రత్త. ప్రతి ఫైలూ 4:2:0, 8 బిట్లలోనే ఉంటుందని ఖాయంగా అనుకోవద్దు. ఇప్పటి ఫోన్లు కొన్ని 10 బిట్ల హెచ్‌ఈవీసీ (ఒక వీడియో కుదింపు పద్ధతి) వీడియో తీస్తున్నాయి. అందులో ఒక్కో విలువకి రెండు బైట్లు. దాన్ని ఐవైయూవీ టెక్స్చర్‌లో పోస్తే ఇసుక చల్లినట్టు వస్తుంది. హార్డ్‌వేర్ డీకోడర్ నుంచి వెనక్కి తెచ్చుకున్న ఫ్రేమ్‌లు సాధారణంగా ఎన్‌వీ12లో ఉంటాయి, అంటే యూ, వీ ఒకే ప్లేన్‌లో జంటలుగా. వాటికి 2.0.16 నుంచి అప్‌డేట్ ఎన్‌వీ టెక్స్చర్ ఉంది. కాబట్టి ఫ్రేమ్ ఫార్మాట్‌ని చూసి మూడు దారులు పెట్టుకోండి: వైయూవీ420పీ అయితే నేరుగా, ఎన్‌వీ12 అయితే దాని ఫంక్షన్, మరేదైనా అయితే అప్పుడు మాత్రం ఎస్‌డబ్ల్యూఎస్ స్కేల్. అప్పుడు కూడా ఆర్‌జీబీకి కాదు, వైయూవీ420పీకి మార్చండి. దాని కాంటెక్స్ట్‌ని కూడా ఒకసారే సృష్టించాలి.

ఇప్పుడు పన్నెండున్నర నిమిషాల సంగతి. ఈ అంకె నాకు బాగా నచ్చింది, ఎందుకంటే మీ కోడ్ చూడకముందే అది విషయం చెప్పేసింది. 30ని 12.5తో భాగిస్తే 2.4. మీ వీడియో 25 ఫ్రేమ్‌లు, 25ని 2.4తో గుణిస్తే 60. మీ మానిటర్ 60 హెర్ట్జ్, రెండరర్‌ని ప్రెజెంట్ విసింక్ ఫ్లాగ్‌తో తెరిచారు, మధ్యలో ఇంకెక్కడా ఆగడం లేదు. మానిటర్ రిఫ్రెష్ అయిన ప్రతిసారీ ఒక కొత్త ఫ్రేమ్ తోసేస్తున్నారు. అదే కోడ్ 144 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ మీద పెడితే, సీపీయూ అందుకోగలిగితే, అయిదు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. విసింక్ చేసేది బొమ్మ సగంలో చిరగకుండా చూడటం. వీడియో వేగం దాని పని కాదు.

దానికి మీరు వేసిన మందు 40 మిల్లీసెకన్ల డిలే. 25 ఫ్రేమ్‌లంటే ఒక్కోటి 40 మిల్లీసెకన్లే, లెక్క తప్పేమీ లేదు. కానీ డిలే మొదలయ్యేది డీకోడ్, కలర్ మార్పు, టెక్స్చర్ అప్‌డేట్ అన్నీ అయ్యాక. ఆ పనులకి 12 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఫ్రేమ్‌కి 52 అయింది, సెకనుకి 19 ఫ్రేమ్‌లే. దానిమీద విసింక్ ఎదురుచూపు. పైగా ఎస్‌డీఎల్ డిలే ‘కనీసం ఇంతసేపు’ అని మాత్రమే హామీ ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడు లేపితే అప్పుడే లేస్తుంది. ఈ చిన్న ఆలస్యాలన్నీ పోగవుతూ పోతాయి, ఒక్కటీ వెనక్కి రాదు. 40కి బదులు 28 పెట్టి సరిచేసుకుందామని అనిపిస్తుంది. వద్దు. ఇంకో మెషీన్ మీద, ఇంకో ఫైలు మీద మళ్లీ తప్పుతుంది.

ఎంతసేపు నిద్రపోవాలి అని లెక్కేయకండి, ఎప్పటికి చూపాలి అని లెక్కేయండి. బస్సు ఎక్కేవాళ్లకి టైమ్ టేబుల్ ఎలాగో ఇక్కడ టైమ్‌స్టాంప్ అలాగ: పోయిన బస్సు ఎంత ఆలస్యమైనా ఎనిమిదింటి బస్సు వేళ ఎనిమిదే. ప్రతి ఏవీఫ్రేమ్‌లోనూ బెస్ట్ ఎఫర్ట్ టైమ్‌స్టాంప్ అనే ఫీల్డ్ ఉంటుంది. అది సెకన్లలో ఉండదు, స్ట్రీమ్ టైమ్ బేస్ (ఒక యూనిట్ అంటే సెకనులో ఎన్నో వంతో చెప్పే భిన్నం) యూనిట్లలో ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాసిన 25 ఫ్రేమ్‌ల ఎంపీ4లో టైమ్ బేస్ తరచూ 1/12800 కనిపిస్తుంది. అప్పుడు ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 512, 512ని 12800తో భాగిస్తే సరిగ్గా 0.04 సెకను. ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో 1/90000, అక్కడ అదే దూరం 3600. ఈ అంకెలు కోడ్‌లో రాయకండి, స్ట్రీమ్‌ని అడిగి తీసుకుని టైమ్‌స్టాంప్‌తో గుణించండి. టైమ్ బేస్ స్ట్రీమ్‌దే తీసుకోవాలి, కోడెక్ కాంటెక్స్ట్‌ది కాదు.

మొదటి ఫ్రేమ్ చూపినప్పుడు గెట్ పెర్ఫార్మెన్స్ కౌంటర్‌తో గడియారం మొదలుపెట్టండి, మొదటి ఫ్రేమ్ టైమ్‌స్టాంప్‌ని కూడా గుర్తుపెట్టుకోండి (అది ప్రతిసారీ సున్నాయే కానక్కర్లేదు). తర్వాతి ప్రతి ఫ్రేమ్‌కీ దాని సమయం రాకపోతే మిగిలినంతసేపే ఆగండి. వచ్చేస్తే వెంటనే చూపండి. ఒక ఫ్రేమ్ నిడివి కంటే ఎక్కువ ఆలస్యమైతే చూపకుండా వదిలేయండి. వదిలేయడమంటే టెక్స్చర్ అప్‌డేట్, రెండర్ మానేయడం మాత్రమే. డీకోడ్ చేయడం మానకూడదు, తర్వాతి ఫ్రేమ్‌లు దాని మీద ఆధారపడి ఉంటాయి. అలా కాదని ప్యాకెట్‌ని (ఇంకా డీకోడ్ చేయని డేటా ముక్క) పారేస్తే, తర్వాతి కీఫ్రేమ్ (వేరే ఫ్రేమ్ మీద ఆధారపడని పూర్తి ఫ్రేమ్) వచ్చేదాకా బొమ్మ గడులు గడులుగా కరిగిపోతుంది.

ఇక్కడే ఒక అనుమానం వస్తుంది: 25 ఫ్రేమ్‌లని 60 హెర్ట్జ్ తెరమీద చూపిస్తే సరిగ్గా సర్దుకోవు కదా? నిజమే. ఒక ఫ్రేమ్ రెండు రిఫ్రెష్‌లు, తర్వాతిది మూడు, మళ్లీ రెండు, మూడు, రెండు. అయిదు ఫ్రేమ్‌లకి 12 రిఫ్రెష్‌లు. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే సీన్లలో సన్నటి కుదుపు కనిపిస్తుంది. అది మీ బగ్ కాదు. మానిటర్‌ని 50 హెర్ట్జ్‌లో పెడితే పోతుంది. దాన్ని కోడ్‌తో సరిచేయబోయి రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

మిగిలింది నాట్ రెస్పాండింగ్. విండోస్‌లో ఒక విండో సుమారు అయిదు సెకన్లు మెసేజ్‌లు తీసుకోకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని తెల్లబరిచి ఆ మాట రాస్తుంది. మీ లూప్ ఫైలు చదవడంలోనో డిలేలోనో ఉన్నంతసేపూ పోల్ ఈవెంట్‌ని ఎవరూ పిలవడం లేదు. ప్రతి ఫ్రేమ్‌కీ ఒక్కసారి పిలిచినా చాలదు. ఈవెంట్లు మౌస్ కదిలినప్పుడల్లా గుంపుగా వస్తాయి, కాబట్టి క్యూ ఖాళీ అయ్యేదాకా వైల్ లూప్‌లో పిలవాలి.

నేనైతే రెండు థ్రెడ్లు పెడతాను. డీకోడ్ థ్రెడ్ ఫైలు చదివి, ఫ్రేమ్‌లు తీసి, చిన్న క్యూలో పెడుతుంది. మెయిన్ థ్రెడ్ ఈవెంట్లు చూస్తుంది, క్యూలోంచి ఫ్రేమ్ తీసి సమయానికి గీస్తుంది. విండోకీ రెండరర్‌కీ సంబంధించిన ఎస్‌డీఎల్ ఫంక్షన్లు మెయిన్ థ్రెడ్‌లోనే పిలవాలి. డీకోడ్ థ్రెడ్ నుంచి నేరుగా రెండర్ ప్రెజెంట్ పిలిస్తే లినక్స్‌లో నడిచినట్టే నడిచి మ్యాక్‌లో కుప్పకూలుతుంది. క్యూ పెద్దగా అక్కర్లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ప్లేయర్ ఎఫ్ఎఫ్‌ప్లే సొంత పిక్చర్ క్యూ పరిమాణం మూడే. క్యూ నిండితే డీకోడర్ కండిషన్ వేరియబుల్ (చోటు దొరికేదాకా థ్రెడ్‌ని నిద్రపుచ్చే సాధనం) మీద ఆగాలి, లేకపోతే అరగంట వీడియో అంతా ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది. ప్రోగ్రామ్ మూసేటప్పుడు ఆ ఆగిన థ్రెడ్‌ని లేపడం మర్చిపోకండి. విండో మాయమైనా ప్రాసెస్ మిగిలిపోయి టాస్క్ మేనేజర్‌లో కనిపించేది ఇందువల్లే. అన్నట్టు, విండోస్‌లో టైటిల్ బార్ పట్టుకుని లాగుతున్నంతసేపు మెయిన్ థ్రెడ్ సిస్టమ్ చేతిలో ఇరుక్కుంటుంది, బొమ్మ ఆగుతుంది. వదలగానే మన గడియారం ప్రకారం ఆలస్యమైన ఫ్రేమ్‌లు వదిలేసి సరైన చోటికి వచ్చేస్తుంది. 40 డిలే పద్ధతిలో ఈ సౌకర్యం లేదు.

మీ కోడ్‌లో డీకోడ్ వీడియో2 అనే పాత ఫంక్షన్ కనిపించింది. ఎస్‌డీఎల్ 1.2 కాలం ట్యుటోరియల్ నుంచి తెచ్చుకున్నట్టున్నారు. ఆ రోజుల్లో వైయూవీ ఓవర్‌లే అని ఉండేది, 2013లో వచ్చిన ఎస్‌డీఎల్2లో అది లేదు, దాని చోట టెక్స్చర్లు వచ్చాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వైపు 2016లో వచ్చిన 3.1 నుంచి సెండ్ ప్యాకెట్, రిసీవ్ ఫ్రేమ్ అనే జంట ఉంది. పాతది 2022లో వచ్చిన 5.0లో తీసేశారు. కొత్త పద్ధతిలో ఒక ప్యాకెట్‌కి ఒక ఫ్రేమ్ అనే లెక్క లేదు. ఒక్కటీ రాకపోవచ్చు, రెండు మూడు రావచ్చు. రిసీవ్ ఫ్రేమ్ ‘మళ్లీ ప్రయత్నించు’ అనే కోడ్ ఇస్తే అది ఎర్రర్ కాదు, ఇంకో ప్యాకెట్ ఇవ్వమని అడగడం. బీ ఫ్రేమ్‌ల (ముందు, తర్వాత చూపే ఫ్రేమ్‌ల మీద కూడా ఆధారపడేవి) వల్ల ప్యాకెట్లు వచ్చే వరుస, చూపాల్సిన వరుస వేరు. డీకోడర్ సర్ది ఇస్తుంది కాబట్టి ప్యాకెట్ టైమ్‌స్టాంప్ కాకుండా ఫ్రేమ్ టైమ్‌స్టాంప్ వాడండి. ఫైలు అయిపోయాక నల్ ప్యాకెట్ పంపి, లోపల మిగిలినవి కూడా రాబట్టండి. అది చేయకపోతే చివరి కొన్ని ఫ్రేమ్‌లు పోతాయి. ప్రతి ప్యాకెట్‌నీ వాడాక అన్‌రెఫ్ చేయాలి (దాని మెమరీ వదిలేయాలి), వీడియో స్ట్రీమ్‌కి చెందని ఆడియో ప్యాకెట్లతో సహా.

విండో పెద్దది చేస్తే బొమ్మ పిక్సెళ్లుగా కనిపిస్తోందని చివర్లో అడిగారు. ఎస్‌డీఎల్2లో స్కేలింగ్ డీఫాల్ట్ నియరెస్ట్, అంటే దగ్గరి పిక్సెల్‌నే తీసుకుంటుంది. లీనియర్ అయితే పక్క పిక్సెళ్లని కలిపి నునుపు చేస్తుంది. టెక్స్చర్ సృష్టించే ముందు రెండర్ స్కేల్ క్వాలిటీ హింట్‌ని లీనియర్ చేయండి. నిష్పత్తి చెడకుండా ఉండటానికి రెండర్ సెట్ లాజికల్ సైజ్ చాలు, నల్ల పట్టీలు అదే వేస్తుంది. కొన్ని పాత డీవీడీ రిప్పులలో పిక్సెల్ చదరంగా ఉండదు, 720×576 ఫ్రేమ్‌ని 16:9గా సాగదీసి చూపాలి. స్ట్రీమ్‌లోని శాంపిల్ ఆస్పెక్ట్ రేషియోతో (ఒక పిక్సెల్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) వెడల్పుని గుణించి ఆ కొలత ఇవ్వండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ఎస్‌డీఎల్3 తీసుకోమంటాను. 2025 జనవరిలో స్థిరమైన విడుదల వచ్చింది. రెండర్ కాపీ పేరు రెండర్ టెక్స్చర్ అయింది, కలర్‌స్పేస్‌ని టెక్స్చర్ సృష్టించేటప్పుడే ప్రాపర్టీగా చెప్పొచ్చు, స్కేలింగ్ డీఫాల్ట్ లీనియర్. మీది ఇప్పటికే సగం అయింది కాబట్టి 2లోనే ముగించండి.

ఆడియో తర్వాత కలుపుతానన్నారు. అప్పుడు ఈ పెర్ఫార్మెన్స్ కౌంటర్ గడియారం తీసేసి ఆడియోనే గడియారంగా పెట్టాలి. ఒక వీడియో ఫ్రేమ్ పోయినా కన్ను సర్దుకుంటుంది, ఆడియోలో చిన్న అంతరాయం వచ్చినా చెవి పట్టేస్తుంది. అందుకే ఆడియోని దాని మానాన పోనిచ్చి వీడియోని దాని వెంట నడిపిస్తారు. క్యూ ఆడియో పద్ధతి వాడితే లెక్క తేలిక: మీరు క్యూలో పెట్టిన చివరి శాంపిల్ సమయంలోంచి ఇంకా వినిపించని భాగాన్ని తీసేయండి. 48,000 హెర్ట్జ్, స్టీరియో, 16 బిట్లు అంటే సెకనుకి 1,92,000 బైట్లు. క్యూలో 19,200 బైట్లు మిగిలుంటే పదో వంతు సెకను వెనక ఉన్నట్టు. ఇప్పుడే గడియారాన్ని ఒక చిన్న ఫంక్షన్ వెనక దాచిపెట్టుకుంటే అప్పుడు ఆ ఒక్క ఫంక్షన్ మార్చితే సరిపోతుంది.

ముందు లైన్‌సైజ్, ఆర్‌జీబీ తొలగింపు చేయండి, అది పావుగంట పని. తర్వాత టైమ్‌స్టాంప్. థ్రెడ్లు ఆఖరికి. ఇంకా ఏదైనా తేడా ఉంటే మొదటి మూడు ఫ్రేమ్‌లకి పిక్సెల్ ఫార్మాట్, వెడల్పు, ఎత్తు, మూడు లైన్‌సైజులు, బెస్ట్ ఎఫర్ట్ టైమ్‌స్టాంప్, స్ట్రీమ్ టైమ్ బేస్ ప్రింట్ చేసి ఆ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి. స్క్రీన్‌షాట్ కూడా ఉంటే మంచిది.